నాలుగు నిమ్మకాయల జీపులో పళవేర్కాడుకు

చెన్నై చింతాద్రిపేట నుంచి పళవేర్కాడు, అంటే పులికాట్, దాకా పొద్దున్నే బయల్దేరితే రెండు గంటల ప్రయాణం. మాకు నాలుగు గంటలు పట్టింది. ఈ తేడా ఎందుకొచ్చిందో రాసిపెడితే తర్వాత వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని మా ఆవిడ అంది. రాస్తే మా మామగారికి నచ్చకపోవచ్చు. అందుకని ఆయనకు చదివి వినిపించే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా ఆవిడ లత పశువుల డాక్టరు. పురసవాక్కంలో ఒక క్లినిక్‌లో ఆరేళ్ళు కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసింది. వాటిలో సగానికి ఏ జబ్బూ లేదనీ, వాటిని తెచ్చినవాళ్ళకే ఉందనీ ఆమెకు క్రమంగా అనుమానం కలిగింది. రెండు నెలల కిందట మానేసింది. ఊళ్ళు తిరిగి మేకలకూ ఆవులకూ వైద్యం చేయాలని ఆమె కోరిక. మొదటి పిలుపు పళవేర్కాడు అవతల నుంచి వచ్చింది. అక్కడ చెరువుకూ సముద్రానికీ నడుమ ఒక ఇసక పట్టీ, దాని మీద జాలర్ల ఊరు. ఆ ఊరి ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని మేకలు పెంచుతున్నారు. నెలనెలా వచ్చి చూసే డాక్టరు వాళ్ళకు కావాలి. సంఘం పెద్ద పేరు కన్నియమ్మ. ఆమె ఫోనులో ఒక్కటే షరతు పెట్టింది.

"శనివారం తొమ్మిదింటికి మేకలు మేతకి పోతాయి డాక్టరమ్మా. ఆ లోపల వచ్చి సూది వెయ్యాల. ఇంతకుముందు ఇద్దరు డాక్టర్లు వచ్చినారు. తారు రోడ్డు అయిపోయిన కాడ కారు నిలబెట్టుకోని, మేకల్ని ఆడికి తోలుకు రమ్మన్నారు. మేకలు ఒప్పుకోలా. నువ్వూ రాలేకపోతే చెప్పెయ్, మేం ఇంక డాక్టర్ల జోలికే పోం."

తారు రోడ్డు చివరి నుంచి ఆ ఊరికి దాదాపు రెండు కిలోమీటర్ల ఇసక. మంచు పెట్టె, మందులు, సెలైన్లు, మేకను పడుకోబెట్టే మడత బల్ల, ఇవన్నీ మోసుకుంటూ ఇసకలో నడవడం కుదరదని నేను గట్టిగా వాదించాను. మోసేవాణ్ణి నేనే కాబట్టి.

అంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. అలాంటివి మా కుటుంబంలో రెండున్నాయి. మొదటిది మా మామగారు మునిరత్నం కూతురి కోసమని కొన్న సెకండ్ హ్యాండ్ డీజిలు జీపు. రెండోది నా బావమరిది కిశోర్ కొత్త పెట్రోలు కారు. ఏ బండి ఆ ఊరికి చేరితే అదే ఇక నుంచి లత బండి అని తండ్రీకొడుకులు ఒప్పందం చేసుకున్నారు. లతను ఎవరూ అడగలేదు. నన్ను అసలే అడగలేదు. నేను కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్తాను. దాని గురించి కూడా ఇంట్లో ఎవరూ అడగరు.

శుక్రవారం సాయంత్రం జీపుకు పూజ. మా వీధి మూలన ఉన్న పిళ్ళైయార్, అంటే వినాయకుడి, గుడి అయ్యవారు దండ వేశారు, బొట్లు పెట్టారు, నిమ్మకాయలు చేతిలోకి తీసుకుని, "ఎన్ని చక్రాలు లాగుతాయి?" అన్నారు.

"నాలుగూ," అన్నారు మామయ్య, పుట్టింది మగపిల్లాడని చెప్పినంత సంతోషంగా.

చక్రానికొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు పెట్టారు. జీపు వాటి మీదుగా వెళ్ళింది. నాలుగూ పగిలాయి. కిశోర్ కారుకు మూడు నెలల కిందట ఇదే గుడిలో రెండే పెట్టారు. వాడు ఆ సందర్భం చూసుకుని, "సామీ, నాదీ నాలుగే. మామూలుగా ముందు రెండే లాగతాయి, అవసరమైతే వెనకవి కూడా కలుస్తాయి," అన్నాడు.

అయ్యవారు కాసేపు ఆలోచించి, "అవసరమైనప్పుడు మిగిలిన రెండు పెట్టుకుందాం లెప్పా," అన్నారు.

అప్పట్నుంచి మామయ్య దాన్ని రెండు నిమ్మకాయల బండి అంటున్నారు. గుడి మెట్లు దిగుతుంటే అయ్యవారు ఇంకో మాట చెప్పారు. మొదటి ప్రయాణం చేరేదాకా బండి ముందుకే పోవాలి, రివర్స్ తీయకూడదు. ఇది మా వైపు అందరికీ తెలిసిన పద్ధతే. మామయ్య ఆ రాత్రే జీపును సందులో మూతి బయటికి ఉండేట్టు పెట్టుకున్నారు.

శనివారం ఐదింటికి బయల్దేరాం. చింతాద్రిపేట చేపల మార్కెట్లో ఆ వేళకే ఐసు దొరుకుతుంది. లత రెండు పలకలు కొట్టించి టీకా మందు పెట్టె చుట్టూ పేర్చింది. పెట్టెకు వంజరం చేప వాసన పట్టింది. మేకలకు అభ్యంతరం ఉండదని లత అంది. ఏసీ ఉందని ఆమే పెట్టె పట్టుకుని కిశోర్ కారెక్కింది. నేను జీపెక్కాను. ఇద్దరికీ సమానంగా మర్యాద చేయడం అల్లుడి బాధ్యత కాబట్టి, ప్రతి మజిలీలో బండి మారాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

జీపులో మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. దాని బుడిపె మీద అంకెలూ అక్షరాలూ చెక్కి ఉంటాయి. టూ హెచ్ అంటే వెనక రెండు చక్రాలే లాగుతాయి, రోజువారీ రోడ్డుకు అది. ఫోర్ హెచ్ అంటే నాలుగూ లాగుతాయి, వేగంగానే పోవచ్చు, ఇసకకూ వాన నేలకూ అది. ఫోర్ ఎల్ అంటే నాలుగూ లాగుతాయి, నడక వేగంతో, కానీ ఏనుగు బలంతో. కొండలకూ లోతు బురదకూ అది. ఇదంతా నాకు ఆ రోజు సాయంత్రానికి తెలిసింది. పొద్దున తెలిసి ఉంటే ఈ వ్యాసం చిన్నదయ్యేది.

సెంట్రల్ దాటి వాల్టాక్స్ రోడ్డు మీదుగా వాషర్‌మెన్‌పేట్‌లోకి వచ్చేసరికి తెల్లవారుతోంది. బట్టల కొట్ల షట్టర్ల ముందు పాలవాళ్ళు, పూలవాళ్ళు. జీపు తిన్నగా పోయినంతసేపూ బాగానే పోయింది. మలుపు వస్తే మాత్రం కుంటేది. స్టీరింగు తిప్పడానికి మామయ్య సీట్లోంచి సగం లేవాల్సి వచ్చేది. టైర్లు కీచుమనేవి, బండి చిన్నగా గెంతి మళ్ళీ నడిచేది. ఒక మలుపులో పక్కన ఆగిన ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "ఎన్న పెరుసు, వండి నొండుదు," అన్నాడు. ఏం పెద్దాయనా, బండి కుంటుతోందే అని.

"కొత్త పెళ్ళికూతురప్పా, సిగ్గు," అన్నారు మామయ్య అరవంలోనే. నాతో మాత్రం తెలుగులో, "కొత్త చేతికి అలవాటు పడాల అల్లుడూ," అన్నారు.

"బండి వయసు ఇరవై ఏళ్ళు కదా మామయ్యా."

"చెయ్యి కొత్తది కదా."

దీనికి ఆర్థికశాస్త్రంలో జవాబు లేదు.

మణలి దాటాక కంటెయినర్ లారీల వరుస. దాని వెనకే పాకి ఆరున్నరకు మింజూరు చేరాం. రోడ్డు పక్కన ఒక చిన్న హోటలు. ఇడ్లీ వడ పొంగల్, నలుగురికీ కలిపి మా పేటలో ఇద్దరికయ్యేంతే అయింది. సాంబారు బాగుంది. మీరు వెళ్తే పొంగల్ తినకండి, తర్వాత ఇసకలో వంగడం కష్టం.

ఇంజన్ల గొడవ ఇక్కడే మొదలైంది. రెండు బళ్ళకూ నాలుగేసి సిలిండర్లే, రెండింట్లోనూ ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. జీపులో ఆ వరుస ముందు నుంచి వెనక్కి ఉంటుంది, కారులో ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఉంటుంది. ఇంతవరకు తండ్రీకొడుకులకు పేచీ లేదు. పేచీ వచ్చింది మామయ్య వయసులో ఉన్నప్పుడు నడిపిన ఇంకో కారు గురించి. దానికి ఇంజను డిక్కీలో ఉండేది. సిలిండర్లు నిలబడకుండా ఇటు రెండు, అటు రెండు పడుకుని ఉండేవి.

"ఆ సుఖం ఇప్పటి బళ్ళలో యాడుంది?" అన్నారాయన.

కిశోర్ తన ప్లేటులో నాలుగు ఇడ్లీలు వరుసగా పేర్చాడు. "ఇది మన వరుస ఇంజను బావా. షేర్ ఆటోలో నలుగురు ఒకే బెంచీ మీద కూచున్నారనుకో. చివరి ఇద్దరూ లేస్తే నడిమి ఇద్దరూ కూచుంటారు. వీళ్ళు కూచుంటే వాళ్ళు లేస్తారు. లెక్క సరిపోతుంది గానీ బెంచీ మాత్రం సన్నగా అదురుతుంది. ఆ అదురు ఆపడానికి మంచి బళ్ళలో వేరే బరువులు పెట్టి తిప్పుతారు. నా దాంట్లో ఉన్నాయి."

మామయ్య చెయ్యి చాచి ఆ ఇడ్లీల్నే ఇటు రెండు అటు రెండు జరిపారు. "ఇది నా బండి. రైల్లో ఎదురెదురు సీట్లలో కూచోని కాళ్ళు ఆనించి తన్నుకుంటా ఉంటారు సూడు, అట్టా. వీడి తన్ను వాడికి సరి. బండి కదలదు. బరువంతా నేలకి దగ్గర. ఇంజను వెనక చక్రాల మీదే కూచోని ఉండె, రెండు చక్రాలతోనే ఇసక దాటేది."

"స్పార్క్ ప్లగ్ మార్చాలంటే మాత్రం బండి కింద దూరాల," అన్నాడు కిశోర్.

"నేను దూరినా. నువ్వు దూరవు. అదీ తేడా."

"వీ ఆకారంలో కూడా పెడతారు కదా?" అన్నాను, చదువుకున్నవాణ్ణని గుర్తు చేయడానికి.

"నాలుగింటికి వీ అంటే మోటారు సైకిళ్ళలోనే ఎక్కువ బావా. కార్లలో ఎవరూ పెట్టరు. పొట్టిగా ఉంటుంది గానీ పని ఎక్కువ," అని కిశోర్ ఇడ్లీలను వీ ఆకారంలోకి తిప్పబోయాడు. అప్పటికి రెండే మిగిలాయి. మిగతావి లత తినేసింది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న లారీ డ్రైవరు ఇదంతా విన్నాడు. గూడూరు మనిషి. చెయ్యి కడుక్కుని పోతూ ఆగి, "నా బండికి ఆరు సిలిండర్లు సార్. మీకు నాలుగింటికే ఇంత తగువైతే, ఆరుంటే ఇల్లు నిలబడతాదా?" అన్నాడు.

బయటికొచ్చాం. జీపు హోటలు ముందు మలుపు తిరిగిన చోట తారు మీద నల్లటి గీతలున్నాయి. కిశోర్ వాటిని చూశాడు, జీపులోకి తొంగి చూశాడు.

"నాయనా, ఇది ఫోర్ హెచ్‌లో ఉంది."

"ఉండాల గదా."

"ఎప్పట్నించి?"

"ఇంటికాడ్నించి."

"తారు రోడ్డు మీద ఫోర్ హెచ్ వెయ్యకూడదు నాయనా."

"నాలుగు నిమ్మకాయలు తొక్కిచ్చి, రెండు చక్రాల్ని ఊరకే కూచోబెట్టేదా? నిమ్మకాయ పెట్టిన చక్రం పని చెయ్యాల."

మలుపుల్లో బండి ఎందుకు కుంటుతోందో అప్పుడు తెలిసింది. కిశోర్ నాకు విడమరిచి చెప్పాడు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. ఫోర్ హెచ్‌లో రెండింటినీ కట్టేసినట్టే. కొత్త దంపతులు చెయ్యి వదలకుండా సందు మలుపు తిరిగినట్టుంటుంది. ఇసకలో అయితే ఒకరి కాలు కొంచెం జారి లెక్క సర్దుకుంటుంది. తారు మీద జారడానికి లేదు. ఆ తిరకాసంతా లోపల గేర్లలో మెలిపడిపోతుంది. వాడి కారులో ఈ బాధ లేదు. ఎప్పుడు చెయ్యి పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో అదే చూసుకుంటుంది.

"సరే, టూ హెచ్‌కి మారుద్దాం," అన్నారు మామయ్య. పొట్టి రాడ్డు పట్టుకుని లాగారు. రాలేదు. కిశోర్ లాగాడు. నేనూ లాగాను. నా వల్ల ఏదో జరుగుతుందని కాదు, చుట్టూ జనం ఉన్నారని. మెలి బిగుసుకుంది.

"పది అడుగులు తిన్నగా రివర్స్ తీస్తే మెలి విడిపోతాది," అన్నాడు కిశోర్.

మామయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూశారు. "పళవేర్కాడు చేరినాక తీస్తా."

"ఇట్టాగే పోతే గేర్లు పగులుతాయి నాయనా."

"రివర్స్ లేదురా."

లత గడియారం చూసుకుంది. ఏడున్నర. వాళ్ళిద్దరూ ఇంకాస్త గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు, పక్కనంతా గులక పోసి ఉంది. "వెనక్కి పోవద్దు, ముందుకి పోవద్దు, పక్కకి దిగి పోదాం," అన్నాను. నేనన్నది వేళాకోళానికి. ఇద్దరూ మాట ఆపి నా వైపు చూశారు. కిశోర్, "బావా, గులకలో చక్రం జారుతాది," అన్నాడు. మామయ్య బండిని గులకలోకి దించారు. చక్రాలు కరకరమని జారాయి, కింద ఎక్కడో టక్కుమంది. పొట్టి రాడ్డు వెన్నలో చెంచాలా కదిలింది. పెళ్ళయ్యాక అత్తారింట్లో నా మాట చెల్లడం అదే మొదలు. అది వేళాకోళమని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పొన్నేరి మీదుగా మిగతా దారంతా జీపు పరిగెత్తింది. నేను కారులోకి మారాను, లత పెట్టెతో సహా తండ్రి పక్కకు వెళ్ళింది. కిశోర్ కారులో గొప్ప నిశ్శబ్దం. ముందున్న తెరలో ఏ చక్రానికి ఎంత బలం పోతోందో బొమ్మ కనిపిస్తుంది. క్రికెట్ స్కోరు చూసినట్టు చూస్తూ కూర్చోవచ్చు. ఒక గుండ్రటి మీట ఉంది. మామూలు, బురద, ఇసక, మంచు.

"మంచు ఎందుకు?"

"కంపెనీ పెట్టింది బావా."

"చెన్నైలో?"

"చుమ్మా, ఊరికే ఉండనీ," అన్నాడు.

పళవేర్కాడులో చేపల ఏలం జోరుగా సాగుతోంది. వంతెన ఎక్కితే రెండు వైపులా చెరువు, వెండి పళ్ళెంలా. పడవలు. దూరంగా నీళ్ళలో నిలబడ్డ కొంగల బారు. ఇక్కడ ఆగి చూడాలి. మేం ఆగలేదు. ఎనిమిదీ ఇరవైకి తారు రోడ్డు అయిపోయింది. నిజంగానే అయిపోయింది. కత్తిరించినట్టు అక్కడితో ఆగి, ఆ తర్వాత ఇసక, ముళ్ళ తుమ్మ పొదలు, వాటి నడుమ బండి జాడలు.

ఇసకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి. టైరు కొంచెం చప్పిడి అయితే ఇసక మీద ఎక్కువ వెడల్పున ఆనుతుంది. లత చెప్పింది. మామయ్య, "నిన్ననే పట్టిచ్చిన గాలి," అన్నారు. ఆయన కొబ్బరి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు లత నాలుగు టైర్ల దగ్గరా గొంతుక్కూర్చుని పని కానిచ్చింది. కిశోర్ కారు దగ్గరకు వచ్చి, "నీది కూడా తీసేదా?" అంది.

"వద్దక్కా. దీనికి ఇసక మోడ్ ఉంది."

కారు ముందు దిగింది. నిజం చెప్పాలి, బ్రహ్మాండంగా పోయింది. తెరలో నాలుగు చక్రాలూ వెలిగాయి. కిశోర్ ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి ఇంకో చెయ్యి కిటికీలో పెట్టాడు. సగం దూరం వచ్చాక అద్దంలో చూస్తే జీపు ఇంకా వెనక ఉంది. "నాయన వస్తా ఉండాడు, ఒక ఫోటో తీసుకుందాం," అని మెత్తటి ఇసకలో బండి ఆపాడు.

ఇసకలో ఆపకూడదట. మళ్ళీ కదిలిద్దామంటే చక్రాలు కొంచెం తిరిగాయి, కారు కొంచెం కూర్చుంది. చక్రం జారినప్పుడల్లా కారే భయపడి ఇంజను బలం తగ్గిస్తోంది. కిశోర్ ఇంకా తొక్కాడు. తెర మీద ఒక మర్యాదైన వాక్యం వచ్చింది. వేడెక్కింది, చల్లారేదాకా దయచేసి వేచి ఉండండి అని దాని భావం.

జీపు వచ్చి మా వెనక ఆగింది. మామయ్య ఆపింది కాస్త గట్టి నేల మీద, అది అదృష్టం. దారి ఒక బండి వెడల్పే, రెండు పక్కలా ముళ్ళు. ముందు మేం. ముప్పై అడుగుల వెనక దారి రెండుగా చీలింది, రెండో చీలికలోంచి చుట్టి పోవచ్చు. అంటే జీపు ముప్పై అడుగులు వెనక్కి పోవాలి.

ఎనిమిదీ నలభై. లత ఫోను మోగింది. స్పీకరులో కన్నియమ్మ గొంతు. "డాక్టరమ్మా, యాడున్నావు? మేకలు తాడు కొరకతా ఉండాయి."

"వచ్చేశామమ్మా, దగ్గరే."

"ఆ డాక్టర్లు కూడా ఇట్టాగే అనిరి," అని ఆమె ఫోను పెట్టేసింది.

 మామయ్య స్టీరింగు వదిలి దిగి నా దగ్గరకొచ్చారు. మెల్లగా అన్నారు: "నాకు పిచ్చి అనుకుంటా ఉండావా అల్లుడూ? నా కోసరం కాదు. ఆ పిల్ల మొదటి పని. నా చేత్తో ఒక్కటి కూడా తప్పు జరగకూడదని."

లత విన్నది. కాసేపు ఇసక వైపు చూసి అడిగింది. "నాయనా, అయ్యవారు ఏమని చెప్పినాడు? సరిగ్గా చెప్పు."

"మొదటి ప్రయాణం చేరేదాకా రివర్స్ వద్దన్నాడు."

"యాడికి చేరాలో చెప్పినాడా?"

"లేదు."

"అయితే ఇదే అనుకో. చేరినాం."

మామయ్య చుట్టూ చూశారు. ఒక ముళ్ళ పొద, ఒక చచ్చిన పీత, ఇసకలో కూర్చున్న కొడుకు కారు. తీర్పు చదవబోయే హైకోర్టు జడ్జిలా గొంతు సవరించుకున్నారు. తర్వాత చెప్పులు విప్పారు. ఊరు చేరాక కొట్టడానికి తెచ్చిన టెంకాయ జీపులోంచి తీసి, ముందు బంపరు కొక్కెం మీద కొట్టారు. కర్పూరం గాలికి వెలగలేదు, వెలిగినట్టు చేసి తిప్పారు. "వచ్చేసినాం," అన్నారు.

"బాగుంది ఊరు," అన్నాను.

ఆయన తాళం చెవి లత చేతిలో పెట్టారు. "నేను తెచ్చే ప్రయాణం అయిపాయ. ఇంకమీద నీది. వెనక్కి పోతావో ముందుకి పోతావో నువ్వు చూసుకో."

లత ఎక్కింది. జీపు ముప్పై అడుగులూ తన జాడల్లోనే తిన్నగా వెనక్కి పోయింది, ఒక్క ముల్లు కూడా తగల్లేదు. నేను మడత బల్ల పట్టుకుని వెనక ఎక్కాను, మామయ్య పక్క సీట్లో కూర్చున్నారు. ఆ సీట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. "ఫోర్ ఎల్ వెయ్యి," అన్నారు.

"ఇసకలో మెల్లగా పోతే కూరుకుపోతాం నాయనా. ఫోర్ హెచ్ చాలు," అని ఆమె రెండో గేరులో, ఎక్కడా ఆపకుండా, ఎక్కడా గట్టిగా తొక్కకుండా తీసుకెళ్ళింది. ఫోర్ హెచ్‌కు పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్న నేల దొరికింది. స్టీరింగు బరువు లేదు, కుంటు లేదు. ఇదే బండేనా అనిపించింది.

ఊరి గుడిసెలు కనబడే మలుపులో మేకలు ఎదురొచ్చాయి. తొమ్మిది దాటింది. కన్నియమ్మ విప్పేసింది. రెండు పొదల వరుసల నడుమ మేకల ఏరు మా మీదికి వస్తోంది. అవి పక్కనుంచి దాటిపోతే ఇక సాయంత్రం దాకా దొరకవు.

లత జీపును దారికి అడ్డంగా తిప్పి ఆపింది. పొట్టి రాడ్డును ఎన్ మీద పెట్టింది. ఎన్ అంటే ఏ చక్రానికీ పని లేదు. చేతి బ్రేకు లాగి దిగింది. జీపు మూతి ఒక పొదలో, తోక ఇంకో పొదలో. మేకలు వచ్చి ఆగిపోయాయి. ఆ రోజు ఆ జీపు చేసిన అన్ని పనుల్లోకీ నిజంగా పనికొచ్చింది ఇదే. నాలుగు చక్రాల బండి నాలుగూ వదిలేసి దడిలా నిలబడింది.

వెనక నుంచి కన్నియమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కోపంగా వచ్చింది. "తొమ్మిదైపాయ. ఒదిలేసినా."

"ఒదిలింది మంచిదే, ఇక్కడికే వచ్చినాయి. ఒక్కొక్కటే పట్టుకోండి," అంది లత. అప్పటికే సూదిలో మందు ఎక్కించింది. పారుడు రోగం టీకా, చర్మం కింద ఒక్క సూది. కన్నియమ్మ ఆ సూదినీ, జీపునూ, జీపు వెనక ఊరిదాకా పరుచుకున్న ఇసకనూ ఒకసారి చూసింది. తర్వాత కొంగు బిగించి మొదటి మేక కొమ్ములు పట్టుకుంది.

మేకల్ని పట్టుకోవడంలో నా సహాయం గురించి ఎక్కువ చెప్పను. నేను పట్టుకున్నవాటిలో ఒకటి అప్పటికే సూది వేయించుకున్నది. మామయ్య మాత్రం బాగా పట్టారు. పట్టిన ప్రతి మేకతోనూ, "అయిపాయ అయిపాయ, ఏం లేదు," అని మాట్లాడారు. ఒక కుంటి మేక గిట్టలోంచి లత ముల్లు తీస్తే చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ వంగి చూశారు. ఒకామె అడక్కుండానే తన మేక చెవి చూపించింది. ఇంకొకామె ఇంటి దగ్గర ఈనబోతున్న మేక ఉందంది.

సగం పని అయ్యాక కిశోర్ కారు నడుపుకుంటూ వచ్చాడు. చల్లారాక టైర్లలో గాలి తీసి, కారు భయపడకుండా బలం తగ్గించడాన్ని ఆపే మీట నొక్కేసి, ఎవరి సాయమూ లేకుండా బయటపడ్డాడట. "ఒక్క మనిషి చూడలేదు బావా," అన్నాడు బాధగా.

పన్నెండింటికి సూదులు అయిపోయాయి. కన్నియమ్మ ఇంట్లో అన్నం, పీతల పులుసు, వేయించిన మడవ చేప. డబ్బు తీసుకోలేదు. అందరం తిన్నాక ఆమె చేతులు తుడుచుకుని లతతో అంది. "ఆలస్యంగా వచ్చినావు."

"అవునమ్మా."

"కానీ లోపలికి వచ్చినావు. వచ్చే నెల ఎనిమిదింటికే రా. నెలనెలా రా. సంఘంలో చెప్తా." మామయ్య వైపు తిరిగి, "ఈ పెద్దాయన్ని కూడా తీసుకురా. మేకలతో బాగా మాట్టాడతాడు," అంది.

మామయ్య ఆమెకు నమస్కారం పెట్టారు. లత పీత డిప్పలు ప్లేటులో ఒక పక్కకు జరుపుతూ తల వంచుకుంది. చాలాసేపు ఎత్తలేదు. నేను చూడనట్టు పులుసు మళ్ళీ వడ్డించుకున్నాను.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. ఐదుకు ముందే బయల్దేరండి. ఇసకలో ఫోటోలకు ఆగకండి. వంతెన దగ్గర ఆగండి, మేం తిరుగు ప్రయాణంలో ఆగాం. సాయంత్రపు ఎండలో కొంగలు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటికి మేత మీద తప్ప దేని మీదా పట్టింపు లేదు. తారు ఎక్కగానే టైర్లకు గాలి పట్టించండి, పొట్టి రాడ్డు టూ హెచ్‌కు తెచ్చుకోండి. లత తెచ్చింది.

రెండు బళ్ళూ ఊరు చేరాయి కాబట్టి ఒప్పందం తేలలేదు. పొన్నేరిలో టీ కోసం ఆగినప్పుడు కిశోర్ ఉండబట్టలేక అడిగాడు. "అక్కా, చివరికి ఏది?"

"జీపు."

"నా బండి కూడా వచ్చింది గదా."

"వచ్చింది. కానీ అది నా బదులు ఆలోచిస్తుంది. జీపు ఆలోచించదు, చెప్పింది చేస్తుంది. ఇసకలో ఇద్దరు ఆలోచిస్తే కష్టం."

మామయ్య టీ గ్లాసులోకి చూస్తూ నవ్వుకున్నారు. కిశోర్ ఊరుకోలేదు. "రోజూ ఊళ్ళో తిరగడానికి, వానలో హైవేకి నాదే మేలు. ఒప్పుకో."

"ఒప్పుకుంటా. ఆరోజు నీ బండి తీసుకుంటా," అంది. అది వాడు అనుకున్న గెలుపు కాదు గానీ, ఏదో ఒకటి దొరికింది.

అప్పుడే లత ఫోను మోగింది. కొత్త నంబరు. చెయ్యి నిండా బిస్కెట్లున్నాయని స్పీకరులో పెట్టింది. ఎవరో ఆడమనిషి. "మేడమ్, కన్నియమ్మ నంబరు ఇచ్చింది. మాకు కూడా మేకలుండాయి, ఆవులుండాయి. మా కాడికి వస్తారా? మాది చెరువు నడుమ దీవి. బండి రాదు, రోడ్డు లేదు."

లత బిస్కెట్టు కింద పెట్టింది. "పడవ ఉందా?"

"ఉండాది మేడమ్. ఇంజను పడవ. మావాళ్ళు వచ్చి పిలుచుకోని పోతారు."

"బుధవారం వస్తా."

ఫోను పెట్టేసి లత మళ్ళీ బిస్కెట్టు అందుకుంది. పడవకు చక్రాలు లేవు, అలాంటి పడవల ఇంజన్లకు మామూలుగా ఒకే సిలిండరు. తండ్రీకొడుకులిద్దరికీ ఆ బుధవారం చేసేదేమీ లేనట్టు కనబడింది. టీ డబ్బులిచ్చి బళ్ళెక్కాం. లత జీపు స్టార్టు చేసింది, మామయ్య పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. మింజూరు దాటేదాకా కంటెయినర్ల వెనక మెల్లగా వచ్చాం. సెంట్రల్ దగ్గర సిగ్నల్ పడింది. కిశోర్ కారు పక్కకొచ్చి ఆగింది. మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి వాణ్ణి అడిగారు.

"రేయ్, ఆ పడవలో సిలిండరు నిలబడి ఉంటాదా, పడుకోని ఉంటాదా?"